గొర్రుకి గుడ్డ చుట్టినావిడ

"అది గడ్డి, అమ్మా."

"పంటండి, మామ్మగారూ."

"ఊహ తెలిసినప్పటి నుంచీ దాన్ని పీకుతున్నాను. నువ్వు నాకు చెప్పకు."

"అప్పటి నుంచీ పీకుతున్నారు కాబట్టే చెప్పాలండి. ముందు చెయ్యి ఆపండి."

"ఆపను. నాకూ కళ్ళున్నాయి."

"కళ్ళున్నాయండి. మీరు చేతుల్తో చూస్తున్నారు."

ఆ మాటకి నా చెయ్యి ఆగింది. గుప్పిట్లో ఇంకా పది పదిహేను మొక్కలున్నాయి, వేళ్ళ నిండా నల్లమట్టి. తలెత్తి చూస్తే ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. బస్సు దిగి గట్ల వెంట పరుగున వచ్చినట్టుంది, ఊపిరి అందడం లేదు. నా వెనక పావెకరం ఊడ్చిన వాకిలిలా ఉంది. ఎవరినీ కూలికి పిలవకుండా, నిన్న పొద్దున్నా ఇవాళ పొద్దున్నా వంగి, నేనొక్కదాన్నే అంతా శుభ్రం చేశాను. శుభ్రం చేశాననే అనుకున్నాను.

ఇది మూడేళ్ళ కిందటి మాట. ఆవిడ పోయిందని నాకు మొన్న సోమవారం తెలిసింది. ఆవిడతో కలిసి ఊళ్ళు తిరిగిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఆవిడ ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ చెబుతోందట. సాయంత్రం బస్సు దిగి ఇంటికెళ్ళి, కాసేపు నడుం వాల్చి, మరి లేవలేదట. అంతే. ఆ అమ్మాయి ఇంకొక మాట కూడా చెప్పింది, అది తరవాత రాస్తాను. ఆ మాట విన్నప్పటి నుంచి ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. వాకిలి రెండుసార్లు ఊడుస్తున్నాను. నిన్న బియ్యం చేటలో పోసుకుని కూర్చుంటే కోడలు వచ్చి, అత్తయ్యగారూ అవి మొన్న ఏరినవేనండీ అంది. నాకు తెలుసు అన్నాను. తెలుసు కూడాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఊళ్ళో ఎవరం పేరు పెట్టి పిలవలేదు. ఎదురుగా మేడమ్‌గారు, వెనకాల ట్రైనింగమ్మ. రాజమండ్రి అవతల మెట్ట వైపు మనిషి. చిరుధాన్యాలు ఎలా పండించాలో, పొట్టు తీసి తినేలా అమ్ముకునేలా ఎలా చెయ్యాలో చిన్న రైతులకి నేర్పమని ఏదో ఆఫీసు వాళ్ళు పంపారు. ఎకరం, ఎకరన్నర ఉన్నవాళ్ళం పది మందిమి పేర్లు ఇచ్చాం. ప్రతి గురువారం రామచంద్రపురంలో బస్సు మారి వచ్చేది. ఆవిడకి పిల్లలున్నారో లేదో, ఇల్లు సొంతమో అద్దెదో నాకు తెలియదు. నేను అడగలేదు. అడిగే వ్యవధి ఇచ్చే మనిషీ కాదు.

కూర్చునేది కాదు. ఆవిడ గురించి మొదట చెప్పాల్సింది అదే. సొసైటీ గోడౌను అరుగు మీద మాకు చాపలు, ఆవిడకి కుర్చీ వేసేవారు. ఆ కుర్చీలో ఆవిడ సంచీ కూర్చునేది. "తొందరేం లేదండి, నెమ్మదిగా నేర్చుకుందాం" అంటూనే మెట్లు దిగిపోయేది. ఆవిడ వెనక మేం. క్లాసంటే ఆవిడ వెనక నడవడమే. గట్ల మీద ఒకరి వెనక ఒకరు తప్ప నడవలేం కదా, అంచేత ఆవిడ చెప్పింది ముందున్న నలుగురికే వినపడేది. వెనకవాళ్ళు తరవాత మమ్మల్ని అడిగేవారు. ప్రతి క్లాసుకీ ఆఫీసుకి ఫోటో పంపాలట. అందరికన్నా ఆఖర్న నడిచే మా పక్కింటి వీరలక్ష్మి తన ఫోన్‌తో తీసేది. ఏ ఫోటో చూసినా మా వీపులే. మొహాలు కనపడ్డం లేదేంటని ఆఫీసులో మందలించారట. నడుస్తున్నారని కనపడుతోంది కదండి, చాలదా అని అడిగి వచ్చిందట.

ఏ గింజ కనపడినా ముందు పళ్ళ మధ్య పెట్టి కొరికేది. టక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకా తడి ఉన్నట్టు. అలా కొరికి కొరికి ముందు పన్ను ఒకటి కొస విరిగింది. మొదటిసారి మా ఇంటికి మంచినీళ్ళకి వచ్చినప్పుడు, నేను చెంబు తెచ్చేలోగా, వరండాలో ఎండబెట్టిన మా ధాన్యం నాలుగు గింజలు నోట్లో వేసుకుని, ఇంకా రెండెండలు కావాలండి మామ్మగారూ అంది. నాకు ఒళ్ళు మండింది. మా ధాన్యానికి ఎన్నెండలు కావాలో మెట్టమనిషి వచ్చి చెప్పాలా అనుకున్నాను. మర్నాడు ధాన్యం ఎత్తి పోసేద్దామని ఒక గింజ కొరికి చూసి, ఎత్తకుండా వదిలేశాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

నేను మనుషుల్ని ఊరికే లెక్కలోకి తీసుకోను. ఒకసారి వాన పడుతుంటే ఆవిడ కాగితాలు తడవకుండా ఒక పాత గోనెసంచి ఇచ్చాను. ఇచ్చినప్పుడే అది మళ్ళీ రాదని వదులుకున్నాను, ఇచ్చిన సంచి వెనక్కి ఇచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. పై గురువారం ఆవిడ దాన్ని ఉతికి, ఎలక కొట్టిన మూల పురికొసతో కుట్టి, నాలుగు మడతలు పెట్టి తెచ్చింది. ఆ కుట్టు చూశాను. దూరం దూరంగా కాదు, దగ్గర దగ్గరగా, లాగితే ఊడనట్టు కుట్టింది. ఆ రోజు నుంచి క్లాసులో ముందు నడిచే నలుగురిలో నేనొకదాన్ని.

ఆవిడలో ఇంకొకటి ఉంది. ఎవరన్నా తప్పు చేస్తుంటే ఆపేది కాదు. చివరిదాకా చెయ్యనిచ్చేది. ఒక గురువారం గోడౌనులో పొట్టు తీసే మిషను పెట్టింది, కుట్టు మిషనంత ఉంటుంది. మెట్ట నుంచి తెచ్చిన ఊదలు అందులో పోసింది. ఊదలంటే సన్న గింజ, పైన గట్టి పొట్టు. ఒకసారి తిప్పాక బూడిదరంగు బియ్యం వచ్చింది. మాకది నచ్చలేదు. డెల్టావాళ్ళం, బియ్యమంటే తెల్లగా ఉండాలి మాకు. ఇంకోసారి వెయ్యండి అన్నాను. వేసింది. కొంచెం తెలుపు తిరిగింది. ఇంకోసారి అన్నాను. అలాగేనండి అని వేసింది. నాలుగోసారికి మల్లెపువ్వులా వచ్చాయి. అయితే కుంచెడు గింజ పోస్తే దోసెడు మిగిలింది, కింద పళ్ళెం నిండా పిండి. అప్పుడు రెండు గిన్నెల్లో రెండు రకాలూ వండించింది. తెల్లవి జావైపోయాయి. బూడిదరంగువి పొడిపొడిగా ఉడికి, పచ్చి పెసరపప్పు వాసన వేశాయి. ఆ జావ గిన్నె నా ముందు పెట్టి, మీ వంతు మామ్మగారూ అంది. అందరూ నవ్వారు. పారెయ్యడం నా వల్ల కాదు కనక, ఉప్పేసుకుని మొత్తం తాగాను.

నన్ను ఆపమన్నది ఒక్కసారే, ఆ గట్టు మీద. ఎందుకు ఆపిందో చెప్పాలంటే ఆ ఎకరం గురించి చెప్పాలి.

మా కాలవకి అది ఆఖరి పొలం. దాని తరవాత మురుగు కాలవ, ఆ తరవాత ఉప్పునేల. మొదటి పంట వానల మీద ఎలాగో గట్టెక్కుతుంది. రెండో పంట, దాళ్వా, కాలవ నీళ్ళ మీద. నీళ్ళు వంతుల మీద వదులుతారు. పైవాళ్ళు పెట్టుకోగా మాకు వచ్చేసరికి కాలవ అడుగు తడుస్తుంది, అంతే. వరసగా రెండు దాళ్వాలు, కంకి తియ్యబోతూ పొట్ట మీద ఉన్న వరి ఎండిపోయింది. గేదెలు కూడా ముట్టలేదు. తూర్పు వైపు పొలం అప్పటికే రొయ్యల చెరువైంది, దక్షిణం వైపుదీ అయింది. మధ్యలో మాది ఒకటి. చెరువులు లీజుకి చేసే ఆయన మా పెద్దాడి చుట్టూ తిరుగుతున్నాడు.

మా పెద్దాడు చెడ్డవాడు కాదు. ఎండిన చేను రెండేళ్ళు వాడే కోయించాడు. ఒకరోజు నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, అమ్మా, ఈ దాళ్వా ఒక్కటీ నీ ఇష్టం అన్నాడు. ఆ మేడమ్‌గారి ఊదలే వేస్తావో, ఇంకేం వేస్తావో వెయ్యి. ఈసారి కూడా చేలో ఏం లేకపోతే చెరువు తవ్వడానికి పొక్లెయిను దిగుతుంది, అప్పుడు నువ్వు నన్ను ఆపకూడదు అన్నాడు. ఆపనన్నాను. నా మాటంటే మాటేనని వాడికి తెలుసు, అందుకే అడిగాడు. ఒకసారి చెరువు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాక అది మళ్ళీ చేను కాదు. నేను కాపరానికొచ్చిన ఏడు నారు ఊడ్చిన మొదటి మడి అది.

అంచేత ఊదలు వేశాను. నమ్మి వేశానని అనను. ఊద మాకు కొత్తది కాదు. వరి చేలో దొంగలా చేరే గడ్డి అది. వరి మొక్కని పట్టుకునే పెరుగుతుంది, వరికన్నా ముందే కంకి వేస్తుంది, ఒక్కటి వదిలితే మరుసటేడు వంద. చిన్నప్పటి నుంచి మా చేతులకి నేర్పింది దాన్ని వేరుతో సహా పీకడమే. ఇప్పుడు దాని అక్కచెల్లెలిని విత్తనం పోసి పెంచమంటే చేతులు ఎలా ఒప్పుకుంటాయి. ఆవిడకి ఆ సంగతి తెలుసు. కడియం నర్సరీల్లో పారేసిన నల్ల ప్లాస్టిక్ సంచులు ఏరి తెచ్చి, ఒక దాంట్లో గడ్డి ఊద, ఒక దాంట్లో పంట ఊద పెంచింది. ప్రతి గురువారం అవి మా ముందు పెట్టి ఏది ఏదో చెప్పమనేది. గడ్డి మొదట్లో కాస్త ఎరుపు తిరుగుతుంది, పంట మొదలు పచ్చగా ఉంటుంది. వీరలక్ష్మి మూడో వారానికి చెప్పేసింది. నన్ను అడిగితే ప్రతిసారీ ఒకటే చెప్పేదాన్ని, రెండూ గడ్డే అని. నవ్వులాటకి అన్నాననుకునేవారు. నాకు నిజంగానే తెలియలేదు. పనిలో నాకన్నా పెద్ద చెయ్యి ఊళ్ళో లేదని పేరు, తెలియదని ఎలా అంటాను.

ఇప్పుడు అసలు తప్పు రాస్తాను.

విత్తే రోజు ఆవిడ మెట్ట నుంచి చిన్న గొర్రు తెచ్చింది. రెండు చక్రాలు, పైన గింజల డబ్బా, డబ్బా నుంచి కిందికి మూడు గొట్టాలు. మనిషి లాక్కుంటూ పోతే గింజ మూడు వరసల్లో పడుతుంది. వరసకీ వరసకీ మధ్య జానెడు పైన ఖాళీ. నేను గట్టు మీద నిలబడి ఆ ఖాళీ చూస్తున్నాను. మడంతా మూసుకునేలా వరి నారు ఊడ్చేవాళ్ళం మేం. ఇంత నేల ఊరికే వదిలేస్తే ఎలాగమ్మా అన్నాను. ఆ ఖాళీలోనే కలుపు తీస్తామండి, ఆ ఖాళీ ఉంటేనే వరస తప్పి మొలిచింది గడ్డి అని తెలుస్తుంది అంది. నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయింది. సంచి అడుగున దోసెళ్ళు రెండు మూడు విత్తనం మిగిలింది. ఆవిడ మలుపు తిరిగాక, నేను ఆ విత్తనం కొంగులో పోసుకుని, నారు పోసే ఆకుమడిలో చల్లినట్టు, వరసల మధ్య ఖాళీలన్నిట్లో చల్లేశాను. దండగ ఎందుకని. నేల ఖాళీగా ఉంటే చూడలేక.

చల్లింది నేను. మూడేళ్ళ తరవాత మొదటిసారి ఈ మాట బయట పెడుతున్నాను.

మూడు వారాలకి చేనంతా పచ్చగా ఒకే తీరుగా లేచింది, వరసల ఆనవాలు లేదు. ఆ వారం ఆవిడ ఏజెన్సీ కొండల్లో ఎక్కడో క్లాసులకి వెళ్ళింది, ఇంకా రాలేదు. నేను కలుపు తియ్యడానికి దిగాను. వరస తప్పింది గడ్డి అంది కదా, మొదట ఖాళీల్లోవి పీకడం మొదలుపెట్టాను, అవి నేను చల్లినవే అని తెలిసి కూడా. గడ్డి ఏదో పంట ఏదో విడదియ్యలేక, అన్నీ గడ్డిలాగే కనపడుతుంటే, చెయ్యి ఊరుకోలేదు. కాసేపటికి వరసల్లోవి కూడా వచ్చేస్తున్నాయి. వంగిన నడుముకి ఒక ఊపు ఉంటుంది, అది మొదలైతే మనం ఆలోచించం. ముందు రోజు పీకింది మోపు కట్టి ఇంటికి తీసుకెళ్ళి గేదెకి వేశాను. ఎంత ఇష్టంగా తిందో. ఆ రోజు పీకింది గట్టు మీద ఉంది.

ఆవిడ చేలోకి దిగింది. నా చేతిలోంచి ఒక మొక్క తీసుకుని మొదలు చూసింది, నాకు చూపించింది. పచ్చగా ఉంది. గట్టు మీద కుప్పలోంచి ఇంకోటి తీసింది. అదీ పచ్చే. పది తీసింది. ఒక్కటి ఎర్రది రాలేదు. తరవాత ఇంకా పీకని వైపు వెళ్ళి, వంగి, వరసల మధ్య వేలు పెట్టి చూసుకుంటూ నడిచింది. అంతసేపు నిదానంగా నడవడం ఎప్పుడూ చూడలేదు.

"ఇక్కడ గింజ ఎలా పడిందండి," అంది.

"గాలికి పడుంటుంది."

"గాలి ఇంత సమంగా చల్లదండి, మామ్మగారూ."

"అయితే నీ గొర్రు కారి ఉంటుంది."

ఆవిడ నా మొహం చూసింది. నేను నా చేతులకున్న మట్టి చూసుకున్నాను. అయుండొచ్చండి, డబ్బాకీ గొట్టానికీ మధ్య అతుకు పాతది అంది. నమ్మి అందో, నా పరువు నిలబెట్టడానికి అందో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అప్పటిదాకా నేను ఆవిడని మీరు అనేదాన్ని. ఆ పొద్దున్న కోపంలో నువ్వు అన్నాను, ఇక మళ్ళీ మీరు అనడం కుదరలేదు. ఆవిడ మాత్రం అండి వదల్లేదు.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. ట్రైనింగమ్మ విత్తనం మొలవలేదని ఒకరు, గడ్డి విత్తనం అంటగట్టిందని ఇంకొకరు. పేర్లిచ్చిన పదిమందిలో ఇద్దరు వచ్చే దాళ్వాకి మేం వెయ్యం అని వీరలక్ష్మితో అనేశారు. మా పెద్దాడు అన్నానికి వచ్చి, కంచం ముందు కూర్చుని, తల ఎత్తకుండా చెప్పాడు. "చేను చూసొచ్చానమ్మా. చెరువులాయన్ని రేపు పొద్దున్న కొలతకి రమ్మన్నాను." నేను మాట ఇచ్చినదాన్ని. మజ్జిగ పోశాను. పంట చావలేదురా, నేను పీకాను అని ఆ పూట అనలేకపోయాను. విత్తనం మొలవలేదని వాడు కూడా అనుకుంటున్నాడని తెలిసీ ఊరుకున్నాను.

ఆవిడ ఆ రోజు నాలుగింటి బస్సు ఎక్కలేదు. నేను మళ్ళీ చేలోకి వెళ్ళేసరికి గట్టు మీద ముంగాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆవిడ కూర్చోగా చూడ్డం నాకు అదే మొదలు. కుప్పలోని మొక్కలు ఒక్కొక్కటీ తీసి వేరు తెగిందేమో చూస్తోంది.

"ఒక్క వేరూ తెగలేదండి," అంది.

"తెగితే గడ్డి మళ్ళీ లేస్తుంది. అందుకని మొదలంటా లాగుతాం."

"నారు కూడా ఇలాగే లాగుతారు కదండి."

లాగుతాం. అది ఆవిడ అడగలేదు, చెప్పింది. ఇద్దరం కుప్పని కట్టలు కట్టాం. మురుగు కాలవ అంచున బురదలో వేర్లు మునిగేలా నిలబెట్టాం. అవి చాలవు, ముందు రోజువి గేదె కడుపులో ఉన్నాయి. పీకని ముప్పావెకరంలో వరసల మధ్య ఒత్తుగా ఉన్నవి ఎలాగూ తియ్యాలండి, అవి ఈ పావెకరంలో ఊడ్చడానికి సరిపోతాయి అంది. గొర్రు కారడం ఒకందుకు మంచిదైందండి అని కూడా అంది. సాయంత్రం దాకా వంగి వరసల మధ్య నేను చల్లినవన్నీ నేనే లాగాను, ఆవిడ నా పక్కనే లాగింది. పచ్చ మొదలు ఎలా ఉంటుందో ఆ సాయంత్రం నా వేళ్ళకి తెలిసింది. ఆ రాత్రికి ఆవిడ వీరలక్ష్మి ఇంట్లో పడుకుంది.

ఆ తరవాత రెండేళ్ళకి రామచంద్రపురం బస్టాండులో ఒకసారి కనపడింది. నిలబడి అరటిపండు తింటూ బస్సుల వంక చూస్తోంది. పలకరించి, నీ గొర్రు బాగైందా అమ్మా అని అడిగాను. ఎందుకు అడిగానో, నోటికి అదే వచ్చింది. బాగు చేశానండి, ఇప్పుడు ఒక్క గింజ కారదు అంది. అప్పుడు చెప్పాలి. పక్కన ఎవరూ లేరు కూడా. ఇంకో అరటిపండు తింటావా అన్నాను. వద్దండి, బస్సు అంటూ వెళ్ళిపోయింది, బస్సు ఇంకా రాలేదు.

సోమవారం ఫోన్ చేసిన అమ్మాయి చెప్పిన మాట ఇది. ఆవిడ ఏ ఊరు వెళ్ళినా, విత్తే ముందు గొర్రు డబ్బాకీ గొట్టాలకీ మధ్య పాత గుడ్డ పేలికలు బిగించి చుట్టించేదట. అరపూట పట్టేదట ఒక్కో గొర్రుకీ. ఎండలో నిలబడి విసుక్కునేవారట రైతులు, ఇది అవసరమా మేడమ్‌గారూ అని. గోదారి కాలవ చివర ఒక మామ్మగారి చేలో నేర్చుకున్నానండి, గింజ కారితే కలుపు తెలియదు అనేదట. మీరేనాండి ఆ మామ్మగారు అని అడిగింది ఆ అమ్మాయి. నేనే అన్నాను. ఇప్పుడు మేం కూడా అన్ని ఊళ్ళలో చుట్టిస్తున్నామండి అంది. చుట్టక్కర్లేదమ్మా అనబోయాను. ఫోన్లో వెనక ఎవరో ఏడుస్తున్నారు. ఊరుకున్నాను. ఎన్ని ఊళ్ళలో ఎన్ని గొర్రులకి గుడ్డలు చుట్టి ఉంటారో అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. రేపు వీరలక్ష్మి చేత ఆ నంబరుకి ఫోన్ చేయించాలి. ఇవాళే చేయించాల్సింది.

ఆ నారు కట్టలు కట్టిన మర్నాడు పొద్దున్న సంగతి రాసి ఆపుతాను.

ఆరింటికి నేను చేను దగ్గరకి వెళ్ళేసరికి ఆవిడ, వీరలక్ష్మి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పావెకరంలో మట్టి గడ్డలు చిదుపుతున్నారు. నేల పొడిగా ఉంది. నీళ్ళు లేవు. నారు తీసి ఒక పూట గడిచింది, ఎండెక్కితే నిలబడదు. ఏడింటికి చెరువులాయన స్కూటర్ మీద, వెనకాలే మా పెద్దాడు మోటారు సైకిల్ మీద వచ్చారు. చెరువులాయన దిగి, టేపు తీసి, ఈశాన్యం మూల ఒక పుల్ల పాతాడు. ఆవిడ పని ఆపి నిలబడింది.

నేను గట్టు ఎక్కి మా వాడి దగ్గరకి వెళ్ళాను.

"పంట చావలేదురా. విత్తనం మంచిదే. గడ్డి అనుకుని నేను పీకాను."

వాడు నా వంక చూశాడు. నేను తప్పు చేశానని చెప్పగా వాడు వినడం అదే మొదలు. ఆవిడ కూడా చూస్తోంది, ఇంకో మాట వస్తుందేమోనని చూస్తున్నట్టు అనిపించింది. ఆ ఇంకో మాట రాలేదు. నేను చెంగు దోపుకుని మడిలోకి దిగాను.

మా వాడు మురుగు కాలవ దాకా నడిచి, ఒక కట్ట పైకి తీసి, తిప్పి వేర్లు చూశాడు.

"ఎన్ని రోజుల నారండి ఇది," అని ఆవిడని అడిగాడు.

"ఇరవై రెండండి."

"ముదరలేదు."

"లేదండి. నీళ్ళే లేవు."

కట్ట మళ్ళీ బురదలో నిలబెట్టి, బండి ఎక్కి ఇంటికి వెళ్ళాడు. చెరువులాయన టేపు పట్టుకుని, రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక గట్టు మీద నిలబడ్డాడు. ఎనిమిదిన్నరకి మా వాడు ఆయిలు ఇంజను రిక్షా మీద వేసుకుని వచ్చి, మురుగు కాలవలో పైపు దింపాడు. రెండుసార్లు దగ్గి ఇంజను అందుకుంది. ఎకరం వరికి ఏ మూలకీ రావు గానీ, పావెకరం ఊదకి చాలినన్ని నీళ్ళు మడిలోకి పాకాయి. వరస వంకర పోకుండా ఆవిడ తాడు కట్టించింది. తొమ్మిదింటికి మొదటి వరస పడింది. చెరువులాయన తను పాతిన పుల్ల తనే లాగి, మట్టి దులిపి, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.